అద్దె సంగతి తేల్చండి, దోస్తోయెవ్‌స్కీ గారూ

ఫ్యోదర్ దోస్తోయెవ్‌స్కీ అనే రష్యా రచయిత మీద నాకో ఫిర్యాదుంది. ఆయన 1881లోనే కాలం చేశారు కాబట్టి ఏ స్టేషన్లోనూ కాగితం తీసుకోరు, ఏ కోర్టులోనూ వ్యాజ్యం నిలవదు. నిలవకపోయినా రాసి పెట్టడం ఒక ఇంటి ఓనరుగా నా బాధ్యత.

1866లో ఆయన 'నేరము - శిక్ష' అనే నవల రాశారు. పాపం, పశ్చాత్తాపం, మనిషి ఆత్మ, వీటి లోతు తెలియాలంటే ఆ పుస్తకమే చదవాలని చదువుకున్నవాళ్ళంతా చెబుతారు. కాదని నేననను. కానీ ఆ పుస్తకంలో ఒక గది ఉంది. ఆ గదికి అద్దె ఉంది. ఆ అద్దె నెలల తరబడి బాకీ ఉంది. హత్య జరిగింది, విచారణ జరిగింది, శిక్ష పడింది, సైబీరియాలో హీరోగారికి కొత్త జీవితం కూడా మొదలైంది. బాకీ ఏమైందో మాత్రం చివరి పేజీ తిప్పేసినా తెలియలేదు. ఆ హీరో చేతిలోని గొడ్డలి మీద ఎన్ని పుస్తకాలొచ్చాయో లెక్కలేదు. అద్దె మీద ఎవరైనా పెన్ను కదిపారా?

నేను విమర్శకుణ్ణి కాను. కింద మేముంటాం, పైన రెండు వాటాలు, డాబా మీద ఒంటిగది. ఆ ఒంటిగదిలో ఉన్న కుర్రాడు ఉగాదికి ముందు అద్దె, కరెంటు బిల్లు బాకీ పెట్టి రాత్రికి రాత్రి మాయమయ్యాడు. అతను వదిలివెళ్ళిన యావదాస్తి: ఒక చిల్లుబకెట్టు, ఒక చాప, ఈ పుస్తకం. బకెట్లో మట్టి నింపి మా ఆవిడ పుదీనా వేసింది. చాప పనమ్మాయి అడిగి పట్టుకెళ్ళింది. నా బాకీ కింద నాకు దక్కింది ఈ నవల ఒక్కటే. ఆ లెక్కన పేజీకి ఇంత అని రాబట్టుకునే పట్టుదలతో, పేర్లు నోరు తిరక్కపోయినా, అక్షరం వదలకుండా చదివాను. చదివేకొద్దీ బి.పి. పెరిగింది. పెరిగింది హత్య దగ్గర కాదు.

ముందు గది చూద్దాం. ఊరు పీటర్స్‌బర్గ్, జులై నెల, ఎండలు మండిపోతున్నాయి. అయిదంతస్తుల ఇంట్లో కప్పు కిందే ఒక చిన్న గది. పొడవు ఆరడుగులు వేస్తే అయిపోతుంది. దుమ్ముపట్టి ఊడిపోతున్న పసుపుపచ్చ వాల్‌పేపరు, మూడు పాత కుర్చీలు, మూల ఒక బల్ల, సగం గదిని మింగేసిన సోఫా. అందులో ఉండేవాడు రోదియోన్ రాస్కోల్నికోవ్, వయసు 23, లా చదువుతూ మధ్యలో మానేశాడు. కింది అంతస్తులో ఇంటావిడ. ఆవిడ వంటింటి మీదుగా తప్ప మెట్లు దిగడానికి మరో దారి లేదు. వంటింటి తలుపేమో ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. మన హీరో ఆ పదమూడు మెట్లూ పిల్లిలా దిగుతాడు. ఎందుకంటే అద్దె అడుగుతుందేమోనని. నవల మొదలయ్యేదే ఇక్కడ. హంతకుడు కాకముందే, హత్య ఆలోచన పాఠకుడికి పూర్తిగా తెలియకముందే, ఆ కుర్రాడు దొంగలా నడుస్తున్నాడు. దోస్తోయెవ్‌స్కీ మహా రచయిత అని నేను ఒప్పుకునేది ఇలాంటి చోటే. అద్దె బాకీ ఉన్నవాడి నడక ఆయన పట్టుకున్నట్టు ఎవరూ పట్టుకోలేరు. మా డాబా మెట్ల మీద చెప్పుల చప్పుడు ఒకటో తారీకు వచ్చేసరికి ఎలా మాయమవుతుందో నాకు తెలుసు.

తరవాత అతని తల్లి ఊరినుంచి వస్తుంది. వచ్చి కొడుకు గది చూసి, శవపేటికలా ఉంది, నీ దిగులుకి సగం కారణం ఈ గదే అంటుంది. కొడుకు తలూపుతాడు. ఇంకోరోజు మర్మెలాదోవ్ అనే తాగుబోతు కూతురు సోన్యాతో, తక్కువ ఎత్తు కప్పులూ ఇరుకు గదులూ ఆత్మనీ బుద్ధినీ కూడా ఇరుకు చేస్తాయని చెబుతాడు. చూశారా ఎంత నేర్పుగా ఎటు తిప్పాడో! ఇద్దరు ఆడవాళ్ళ తల పగలగొట్టింది ఇతను. దానికి బాధ్యత స్లాబు ఎత్తుది. అద్దె ఇవ్వని గది గురించి ఇంతమంది ఇన్ని మాటలన్నారు, ఆ గది అతనికి ఇన్నాళ్ళు ఎవరి దయవల్ల మిగిలిందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ ఎవరో ఇప్పుడు చెబుతాను. ఆవిడ పేరు ప్రస్కోవ్య పావ్లొవ్న జర్నీత్సినా. కాలేజియేట్ అసెసర్ అనే సర్కారు హోదాలో ఉండి పోయినాయన భార్య. దాదాపు మూడేళ్ళుగా ఈ కుర్రాడు ఆవిడ దగ్గరే ఉంటున్నాడు. గది, భోజనం, టీ, పనిమనిషి నస్తాస్య సేవ, అన్నీ కలిపి. ఆవిడ కూతుర్ని పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చాడు. పాపం ఆ పిల్ల విషజ్వరంతో పోయింది. పిల్ల పోయినా ఆవిడ ఇతన్ని పొమ్మనలేదు. ఈ ఇంటికి మారినప్పుడు మాత్రం, అప్పటిదాకా పడ్డ బాకీకి 115 రూబుళ్ళకి ప్రామిసరీ నోటు రాసిమ్మంది. అదీ ఎలా? నువ్వు చేతనైనప్పుడు ఇచ్చేదాకా ఈ కాగితం బయటికి తీయను, ఇంకా కావలిస్తే ఎంతైనా అరువు పెట్టుకో అని చెప్పి మరీ రాయించుకుంది. నేను ఈ ఊళ్ళో ఇల్లు కట్టుకున్నాక ఇలాంటి ఓనరుని చూడలేదు. నేనూ కాను.

ఇంకో మాట. ఆవిడ ఆ మేడకి అసలు ఓనరు కూడా కాదు. తరవాత ఒకసారి హత్య జరిగిన ఇంటి గేటు దగ్గర రాస్కోల్నికోవ్ తన చిరునామా చెప్పేటప్పుడు షీల్ అనే ఆయన ఇల్లు, 14వ నంబరు వాటా అంటాడు. అంటే ఈవిడ కూడా వాటా తీసుకుని, పైగది ఇంకొకరికిచ్చి నెట్టుకొస్తున్న మనిషే. పైవాడు ఇవ్వకపోతే కింద ఈవిడ షీల్ గారికి ఎక్కణ్ణుంచి తెచ్చి కట్టినట్టు? మనిషి ఆత్మని అణువణువూ వెతికిన దోస్తోయెవ్‌స్కీ గారికి ఈ ప్రశ్న తట్టలేదు. తట్టకపోగా ఆవిడని నవ్వులపాలు చేశారు. లావుగా ఉంటుందిట, సిగ్గెక్కువట, తలుపు సందులోంచి తొంగిచూసి తప్పుకుంటుందిట. బాకీ వసూలు చేసుకోలేక తలుపుచాటున నించున్న ఆడమనిషిని చూసి నవ్వుకోవాలట మనం.

చివరికి విసిగిపోయి రెండు వారాల నుంచి భోజనం పంపడం మానేసింది. పోలీసులకి చెబుతానంది. నస్తాస్య ఆ మాట అతనికి చేరవేస్తుంది: డబ్బులివ్వవు, గది ఖాళీ చెయ్యవు, ఇంకేం చేస్తుంది ఆవిడ అని. నూట యాభై ఏళ్ళు దాటినా, వేల మైళ్ళ దూరమైనా ఈ రెండు ముక్కల్లో అక్షరం మారలేదు. నస్తాస్య ఇంకోటి కూడా అడుగుతుంది: పిల్లలకి పాఠాలు చెప్పేవాడివి కదా, ఇప్పుడు ఏ పనీ చెయ్యవేం అని. చేస్తున్నానంటాడు. ఏం పని అంటే, ఆలోచిస్తున్నానంటాడు. ఆ పిల్ల పడీ పడీ నవ్వుతుంది. పుస్తకం మొత్తంలో బుర్రున్న మనిషి ఎవరంటే నేను పరిశోధనాధికారి పోర్ఫీరీ అనను, సోన్యా అనను. నస్తాస్య పేరు రాస్తాను.

ఇక హత్య. అల్యోన ఇవానోవ్న అనే తాకట్టు ముసలమ్మ. ఆవిడని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. రూబులుకి నెలకి పది కోపెక్కుల వడ్డీ తీసుకునే మనిషి. మన లెక్కలో నూటికి నెలకి పది. వడ్డీ ముందే పట్టుకుంటుంది. రాస్కోల్నికోవ్ వెండి గడియారం తీసుకెళ్ళి నాలుగు రూబుళ్ళడిగితే, రూబులున్నర అంటుంది. దాని వడ్డీ 15 కోపెక్కులు, పాత బాకీ రెండు రూబుళ్ళ వడ్డీ 20 కోపెక్కులు తీసేసి, రూబులు 15 కోపెక్కులు చేతిలో పెడుతుంది. లెక్క తూచా తప్పలేదు, నేను కాగితం మీద వేసి చూశాను. ఆత్మల గురించి రాసేవాళ్ళు కూడికలు ఇంత జాగ్రత్తగా చేస్తారని నేననుకోలేదు. పోనీ ఆ కూడికల్లో ఆ ఇంటావిడ పద్దు కూడా ఒకటి వేసి ఉంటే ఏం పోయేది?

తన గేటు నుంచి ముసలమ్మ ఇంటికి సరిగ్గా 730 అడుగులని అతను ముందే లెక్కపెట్టుకున్నాడు. గొడ్డలి సంగతి మాత్రం ఆఖరి నిమిషం దాకా చూసుకోలేదు. వంటింట్లోది తీసుకుందామంటే నస్తాస్య అక్కడే బట్టలారేస్తోంది. కిందికొచ్చి వాచ్‌మన్ గదిలో బెంచీ కింద, రెండు కట్టెల మధ్య మెరుస్తున్న గొడ్డలి తీసుకున్నాడు. వెళ్ళి చెయ్యకూడని పని చేశాడు. అడ్డొచ్చిన పాపానికి ముసలమ్మ చెల్లెలు, అమాయకురాలు లిజవేతని కూడా చంపాడు. తరవాత అక్కడే సబ్బుతో గొడ్డలి కడిగి, ఒంట్లో ఒణుకు పుడుతుండగా తిరిగొచ్చి, ఎక్కడ తీశాడో అక్కడే, కట్టెల కింద పెట్టేశాడు. ఇది చదివి నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. అడక్కుండా తీసుకెళ్ళిన వస్తువుని కడిగి, తెచ్చి, యథాస్థానంలో పెట్టిన అద్దెమనిషి ప్రపంచ సాహిత్యం మొత్తంలో ఇతనొక్కడే అయ్యుంటాడు. మా ఇంటి నిచ్చెన రెండో వాటావాళ్ళు తీసుకుని మూడు పండగలైంది.

ముసలమ్మ ఇంట్లో అతను దొరక్కుండా బయటపడ్డానికి కారణం ఏమిటో గమనించారా? రెండో అంతస్తులో ఖాళీ వాటాకి రంగులు వేస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు. తలుపు బార్లా తీసి, డబ్బాలూ కుంచెలూ ఎక్కడివక్కడ వదిలేసి, ఒకడి వెనక ఒకడు కేకలేసుకుంటూ వీధిలోకి పరిగెత్తారు. హంతకుడు ఆ ఖాళీ వాటాలో దూరి, పైకెళ్ళేవాళ్ళని పోనిచ్చి, కిందికి జారుకున్నాడు. నన్నడిగితే ఈ నవల కథంతా రంగులవాళ్ళ అజాగ్రత్త మీద నిలబడింది. డబ్బులు ముందు తీసుకుని పని మధ్యలో వదిలి మాయమయ్యే పద్ధతి అప్పట్నుంచీ ఉందన్నమాట. ఆ ఇద్దరిలో మికోల్కా అనేవాడు తరవాత చెయ్యని హత్య నేనే చేశానని ఒప్పుకుంటాడు. మా డాబా కుర్రాడు తను పగలగొట్టిన వాష్‌బేసిన్ కూడా ఒప్పుకోలేదు.

మర్నాడే పోలీసు స్టేషన్ నుంచి కాగితం వస్తుంది. దొరికిపోయాననుకుని రాస్కోల్నికోవ్ కాళ్ళు తడబడుతూ వెళతాడు. తీరా చూస్తే అది ప్రామిసరీ నోటు కేసు. ఇంటావిడ ఆ నోటు చెబారోవ్ అనేవాడికి ఇచ్చింది, వాడు దావా వేశాడు. 115 రూబుళ్ళు కట్టు, లేదా ఎప్పుడు కడతావో రాసివ్వు, అప్పటిదాకా ఊరు దాటకు అని. ఇది వినగానే అతనికి ఎంత హాయిగా ఉందో దోస్తోయెవ్‌స్కీ గారు చాలా ఇష్టంగా వర్ణించారు. ప్రపంచమంతా తేలికైపోయిందిట. నా కడుపు రగిలిపోయింది. బాకీ ఉన్నావయ్యా అని చెబితే హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు! అవతల పక్కన ఎవరో హత్య గురించి మాట్లాడితే మాత్రం కళ్ళు తిరిగి పడిపోయాడు. ఇది కదా నా ఫిర్యాదుకి వేరు. ఈ మహానుభావుడి అంతరాత్మ గొడ్డలి శబ్దానికి లేస్తుంది, అద్దె రసీదు శబ్దానికి నిద్రపోతుంది. జ్వరంలో కలవరిస్తాడు, ముసలమ్మ కలలోకొస్తుంది, నవ్వుతుంది. కింద అంతస్తులో సజీవంగా ఉన్న ఇంటావిడ ఒక్క రాత్రి కూడా కలలోకొచ్చి బాకీ అడగదు. ఆమెను ఎవరో కొడుతున్నట్టు ఒకసారి పీడకల వస్తుంది, అంతే. ఆ కలలోనూ దెబ్బలు తినేది ఆవిడే.

డబ్బు లేక కదా ఇవ్వలేదు, పేదవాణ్ణి ఎందుకిలా అంటారని మా మేనల్లుడు వాదించాడు. సరే, లెక్కలు తీద్దాం. తల్లి తన ఏడాదికి 120 రూబుళ్ళ పింఛను మీద అప్పు చేసి 35 రూబుళ్ళు పంపింది. స్నేహితుడు రజుమీహిన్ అందులోంచి బట్టలు కొనుక్కొచ్చాడు. టోపీ 80 కోపెక్కులు, పంట్లాము రెండు రూబుళ్ళ పాతిక కోపెక్కులు, బూట్లు రూబులున్నర, లోపలి బట్టలు అయిదు రూబుళ్ళు. మొత్తం తొమ్మిది రూబుళ్ళ 55 కోపెక్కులు. మిగతా పాతిక పైచిలుకు అతని చేతిలో పెడుతూ, అద్దె గురించి దిగులుపడకు, నేను మాట్లాడాను, ఆవిడ దగ్గర నీకు అప్పు ఎంతైనా పుడుతుంది అని భరోసా ఇస్తాడు. ఆ ప్రామిసరీ నోటు కూడా రజుమీహినే చెబారోవ్ మొహాన పది రూబుళ్ళు పారేసి వెనక్కి తెచ్చేశాడు. 115కి పది! మళ్ళీ దీన్ని స్నేహధర్మం అంటారు.

ఆ సాయంత్రమే మన హీరో కొత్త బట్టలేసుకుని బయల్దేరాడు. వీధిలో పాడేవాళ్ళకి చిల్లర వేశాడు. తాగడానికి ఆరు కోపెక్కులడిగిన ఒకామెకి పదిహేనిచ్చాడు. బండి కింద పడి చనిపోయిన తాగుబోతు మర్మెలాదోవ్ ఇంటికి వెళ్ళి, అతని భార్య చేతిలో ఇరవై రూబుళ్ళు పెట్టి వచ్చాడు. వచ్చేటప్పుడు మెట్ల మీద మళ్ళీ బతికినంత సంబరం. దానం చేసినందుకు ఎవరూ తప్పుపట్టరు, ఆ ఇంట్లో పిల్లలు ఆకలితో ఉన్నారు. కానీ అత్త సొమ్ము అల్లుడు దానం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇక్కడైతే సామెత అక్షరాలా జరిగింది. ఆ ఇంటావిడ కాబోయి తప్పిపోయిన అత్తగారే కదా.

ముసలమ్మ సొమ్ము ఏం చేశాడు? పర్సులో ఎంతుందో కూడా చూడకుండా తీసుకెళ్ళి ఒక ఖాళీ పెరట్లో పెద్ద రాయి కింద పాతేశాడు. కేసు అయ్యాక తీసి లెక్కపెడితే 317 రూబుళ్ళ 60 కోపెక్కులు. నేలలో ఉండి ఉండి పైనున్న పెద్ద నోట్లు పాడైపోయాయి. పాపపు సొమ్ముతో అద్దె కట్టమని నేనడగను, అంత నీచుణ్ణి కాను. కానీ దొంగసొమ్ముని రాయి కింద పెట్టడానికి ముందు మొదటి రాత్రి ఎక్కడ దాచాడో తెలుసా? గదిలో మూల, వాల్‌పేపరు చిరిగి గోడ కన్నంలో. చేత్తో కుక్కితే కాగితం ఉబ్బి కనిపించింది. ఆ గోడ ఎవరిది?

వాల్‌పేపరు అన్నాను కాబట్టి ఇంకో ముచ్చట. కొన్నాళ్ళకి అతను హత్య జరిగిన ఇంటికి మళ్ళీ వెళతాడు. అక్కడ పాత పసుపు కాగితం తీసేసి, తెల్లటి దాని మీద ఊదా పువ్వులున్న కొత్త కాగితం అంటిస్తున్నారు పనివాళ్ళు. ఈయనకది నచ్చలేదు. నేరస్థుడి మనసు అక్కడికే ఎందుకు లాక్కుపోతుందని పండితులు అక్కడ ఆగి చర్చిస్తారు. నేను ఆగింది వేరేచోట. పనివాళ్ళు ఎవరు నువ్వు అంటే, వాటా అద్దెకి తీసుకోవడానికొచ్చాను అంటాడు! ఆరడుగుల గదికి నెలల బాకీ, ఇప్పుడు వాటా కావాలట. రాత్రిపూట ఎవరూ ఇల్లు చూడ్డానికి రారు, రావాలంటే వాచ్‌మన్‌ని వెంటబెట్టుకు రావాలి అని ఒక పనివాడు గడ్డిపెడతాడు. మా కాలనీ సంఘం ఆ పనివాడికి శాలువా కప్పాలి.

ఇక ఆ సిద్ధాంతం. మనుషులు రెండు రకాలట. మామూలువాళ్ళు చట్టానికి లోబడి ఉండాలి. నెపోలియన్ లాంటి అసాధారణులకి ఆ హద్దులు వర్తించవు, అవసరమైతే రక్తం మీదుగా నడిచిపోవచ్చు. దీని మీద అతను పత్రికలో వ్యాసం కూడా రాశాడు. పరిశోధనాధికారి పోర్ఫీరీ ఆ వ్యాసం పట్టుకునే అతన్ని పిల్లి ఎలకని ఆడించినట్టు ఆడిస్తాడు. ఈ సిద్ధాంతం జర్మనీదా ఫ్రాన్స్‌దా అని మేధావులు కొట్టుకుంటున్నారు. నాకు దీని పుట్టిల్లు తెలుసు. రాత్రి పదింటికి గేటు వేస్తాం, డాబా మీద బట్టలు తీగ దాటి ఆరేయకూడదు, ట్యాంకు నిండగానే మోటారు ఆపాలి అని చెబితే, ఇవన్నీ మిగతా వాటాలవాళ్ళకి అని లోపల్లోపల అనుకోని అద్దెమనిషి ఉన్నాడా? అందరికీ ఎవరి మటుకు వారు నెపోలియనే.

ఇంతకీ రచయిత గారు ఇలా ఎందుకు రాశారని ఆయన జీవితం తిరగేశాను. తిరగేశాక అంతా అర్థమైంది. 1864లో భార్యా, అన్నగారూ పోయారు. అన్నగారి అప్పులు నెత్తిన వేసుకున్నారు, నడుపుతున్న పత్రిక మూతపడింది. 1865 వేసవిలో జర్మనీలో వీస్‌బాడెన్ వెళ్ళి జూదంలో ఉన్నదంతా ఊడ్చిపెట్టుకున్నారు. హోటలు వాడు భోజనం పెట్టనన్నాడు, టీ మాత్రం పంపేవాడు. తోటి రచయిత తుర్గేనెవ్‌ని వంద థేలర్లడిగితే యాభై పంపారు. ఆ ఆకలిలోనే మాస్కో పత్రిక సంపాదకుడు కత్కోవ్‌కి, ఒక హత్య కథ రాస్తాను, 300 రూబుళ్ళు అడ్వాన్సు పంపండి అని ఉత్తరం రాశారు. ఆ కథే ఇది. అంటే ఈ నవల పుట్టిందే బిల్లు కట్టలేని ఒక గదిలో. భోజనం ఆపేసి టీతో సరిపెట్టిన ఇంటావిడ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇక చెప్పాలా? హోటలు వాడి మీద కోపం ప్రస్కోవ్య పావ్లొవ్న మీద తీర్చుకున్నారు.

కాగితాల విలువ తెలియని మనిషీ కాదాయన. స్తెల్లోవ్‌స్కీ అనే పబ్లిషరు మూడు వేల రూబుళ్ళిచ్చి, 1866 నవంబరు ఒకటికల్లా కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్ళపాటు నువ్వు రాసేదంతా నాదే అని రాయించుకున్నాడు. ఈ నవల ఒకపక్క పత్రికలో వస్తూండగానే, అన్నా గ్రిగోర్యెవ్నా అనే స్టెనోగ్రాఫరుని పెట్టుకుని 26 రోజుల్లో 'జూదరి' చెప్పి రాయించారు. ఇవ్వబోతే పబ్లిషరు ఊళ్ళో లేడు. దోస్తోయెవ్‌స్కీ గారు పోలీసు స్టేషనుకెళ్ళి రాతప్రతి అప్పగించి రసీదు తీసుకున్నారు. రసీదు! ఇది చదివినప్పుడు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది, ఆ కోపంలోనే. కొన్ని నెలలకి ఆ స్టెనోగ్రాఫరునే పెళ్ళాడారు. ఆవిడ రాసుకున్న జ్ఞాపకాల్లో అప్పటి ఇంటాయన అలోన్కిన్ గురించి ఉంది. తెల్లారి గుడికెళుతూ ఈయన గదిలో దీపం చూసి, కష్టపడే మనిషి అని మెచ్చుకునేవాడట. అద్దె కోసం పీడించేవాడు కాదట, చేతికి రాగానే ఆయనే ఇస్తాడని. అంతటి ఓనరు ఇంట్లో కూర్చుని, ఆ సందుల్లోనే కథ నడిపిస్తూ, ఇంటివాళ్ళని ఇలా రాశారు చూడండి! మర్మెలాదోవ్ ఇంటి ఓనరు అమాలియాని అయితే మరీనూ. తద్దినం భోజనానికి ఆవిడ గిన్నెలిచ్చింది, దగ్గరుండి వండించింది. అదే భోజనంలో ఆవిణ్ణి వెక్కిరించి కొట్టబోయారు.

ఒక్కచోట మాత్రం నా నోరు పెగల్లేదు. 1849 డిసెంబరులో, అప్పటికి ఆయన వయసు 28. ప్రభుత్వానికి వ్యతిరేకమైన చర్చా బృందంలో ఉన్నందుకు మరణశిక్ష వేశారు. మంచులో సెమ్యోనోవ్‌స్కీ మైదానానికి తీసుకెళ్ళి, మొదటి ముగ్గుర్నీ స్తంభాలకి కట్టి, తుపాకులు గురిపెట్టించారు. ఆయన ఆ తరవాతి వరసలో ఉన్నారు. అప్పుడు చెప్పారు, క్షమించామని. అంతా ముందే అనుకున్న నాటకం. తరవాత ఓమ్స్క్‌లో నాలుగేళ్ళు, కాళ్ళకి సంకెళ్ళతో, హంతకుల మధ్య. అలాంటివాడికి హంతకుడి రాత్రి ఎలా ఉంటుందో తెలుసు. అవతలి వైపు తలుపు గొళ్ళెం కదులుతుంటే ఇవతల గొడ్డలి పట్టుకుని ఊపిరి బిగబట్టిన ఆ పేజీలు నేను రాత్రి ఒంటిగంటకి చదివి, లేచి మా గేటు తాళం చూసొచ్చాను.

చివరికి రాస్కోల్నికోవ్ ఒప్పుకుంటాడు. ఎనిమిదేళ్ళు సైబీరియాలో కఠినశిక్ష పడింది. తక్కువే. స్వయంగా వచ్చి ఒప్పుకున్నాడని, సొమ్ము వాడుకోలేదని తగ్గించారు. గమనించండి, ఎనిమిదేళ్ళూ వసతికి అద్దె లేదు, తిండి సర్కారుది. ఆత్మ మేలుకోవడానికి అంతకంటే అనువైన చోటు ఏముంటుంది?

అయితే ఆ శిక్ష తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఎపిలోగులో నాలుగు ముక్కల్లో చెప్పి దాటేశారు. రాస్కోల్నికోవ్ మంచివాడని చెప్పడానికి సాక్ష్యాలు కావలసి వచ్చింది. మా ప్రస్కోవ్య పావ్లొవ్న కోర్టుకొచ్చింది. ఇంతకు ముందు ఫైవ్ కార్నర్స్ దగ్గర వేరే ఇంట్లో ఉన్నప్పుడు, ఒక రాత్రి అక్కడ నిప్పంటుకుంటే, ఈ కుర్రాడు లోపలికి దూరి ఇద్దరు చిన్నపిల్లల్ని బయటికి తెచ్చాడని, అందులో అతని ఒళ్ళు కాలిందని సాక్ష్యం చెప్పింది. కూతురు పోయింది, 115 రూబుళ్ళు పోయాయి, వాల్‌పేపరు చిరిగింది, ఇంటిపేరు హత్య కేసులో నలిగింది. అద్దె మాట ఎత్తలేదు. ఎత్తడానికి అంతకంటే మంచి వేదిక దొరుకుతుందా? న్యాయమూర్తులంతా ఎదురుగా ఉన్నారు, బాకీదారు బోనులో ఉన్నాడు.

ఇప్పటికీ పీటర్స్‌బర్గ్‌లో ఒక వీధిమూల ఉన్న ఇంటిని రాస్కోల్నికోవ్ ఇల్లని చూపిస్తారు. గోడకి దోస్తోయెవ్‌స్కీ బొమ్మ పెట్టారు. అభిమానులు మెట్లెక్కి పోయి, గోడల మీద ఆ కుర్రాడికి అండగా రాతలు రాసి వస్తారట. అక్కడ కాపురముంటున్నవాళ్ళ గతి ఏమిటో! ఇంటావిడ పేరున ఒక రేకుముక్క కూడా లేదు.

ఈ సాక్ష్యం భాగం మా ఆవిడకి చదివి వినిపించాను, నా పక్షాన నిలబడుతుందని. పుదీనా బకెట్టుకి నీళ్ళు పోస్తూ వింది. "ఏవండీ, మన డాబా కుర్రాడి కేసైతే మీరేం చెబుతారు కోర్టులో?" అంది.

నేను ఓనర్ని. అబద్ధం చెప్పను. బాకీ ఇంత, కరెంటు ఇంత, గోడకి మేకులు ఇన్ని అని చెబుతాను. ఇంకేమైనా ఉందా అని జడ్జిగారు గట్టిగా అడిగితే, ట్యాంకు నిండి నీళ్ళు కారుతుంటే నాలుగు వాటాల్లో పరిగెత్తుకొచ్చి మోటారు ఆపేవాడు వాడొక్కడే అని కూడా చెప్పాల్సొస్తుంది. అది బాకీలోంచి తగ్గించి లెక్కకట్టమని అవతలి ప్లీడరు అంటే మాత్రం ఒప్పుకునేది లేదు.